పక్కింటి ఉస్తాద్ ఎక్కడికి వెళ్ళాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎగ్జిట్ అన్న మాట వినబడితే పండగే. మా నాయన సౌదీలోని రాస్ తనూరాలో, చమురు శుద్ధి చేసే చోట, ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున పంపులు బిగించే ఫిట్టరుగా పనిచేసేవాడు. మాది కడప దగ్గర పల్లె. దూదేకుల ఇల్లు కాబట్టి నమాజు అరబీలో చేసినా మా తిట్లూ ముద్దులూ అన్నీ తెలుగులోనే. సెలవు దొరికింది, ఊరికి పోవడానికి పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర పడింది అని నాయన చెప్పిన సాయంత్రమే అమ్మ బీరువా మీది పెట్టెలు దింపించేది. జేజికి, అంటే ఊళ్ళో ఉన్న మా నాయనమ్మకు, నొప్పుల మందు, మేనత్తలకు బట్టలు, పిల్లలకు పాలపొడి డబ్బాలు అంటూ ఇల్లంతా పరిచి కూర్చునేది. నా మటుకు నాకు ఎగ్జిట్ అంటే జేజి ఒడి. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంటుందని నాకు పక్కింటి ఉస్తాద్ వల్ల తెలిసింది.

ఉస్తాద్ అంటే అక్కడ పంతులుగారని. మా వాటాకూ ఆయన వాటాకూ మధ్య ఒకటే గోడ. ఆయన ఊళ్ళోని బడిలో పెద్ద తరగతులకు అరబీ చెప్పేవారు. ఎంత ఉక్కపోతగా ఉన్నా కోటు గుండీలు పెట్టుకునే బయటికి వచ్చేవారు. పాలస్తీనా మనిషి అని అందరికీ తెలుసు గానీ, అది ఎక్కడుందో, ఆయన అక్కడ కాకుండా ఇక్కడ ఎందుకున్నారో మా ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు. మేమూ మా ఊళ్ళో కాకుండా ఇక్కడే ఉన్నాం కదా, అలాగే అనుకునేవాళ్ళం.

ఆయన భార్యను నేను ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. ఖాలాకు తెలుగు రాదు, మా అమ్మకు అరబీ రాదు. అయినా ఇద్దరూ గుమ్మంలో కూర్చుని గంటల కొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఖాలా అన్నమూ మాంసమూ వంకాయలూ పొరలు పొరలుగా వండి, గిన్నెను పళ్ళెంలోకి బోర్లించి తెచ్చేది. దాని పేరు అమ్మకు నోరు తిరగక "బోర్లించిన బిర్యానీ" అనేది. అమ్మ చేసిన ఉగ్గాని ఖాలాకు ప్రాణం. సాయంత్రం ప్రార్థన తరువాత నేను పలకా బలపం పట్టుకుని ఉస్తాద్ దగ్గరకు వెళ్ళేదాన్ని. బడిలోని పాకిస్తానీ పంతుళ్ళ దగ్గర తాను నేర్చుకున్న విరిగిన ఉర్దూ కొంతా, నాకు అర్థమయ్యే తేలిక అరబీ కొంతా కలిపి ఆయన పాఠం చెప్పేవారు.

శుక్రవారాలు మా ఇంటికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక డ్రైవరు మామ భోజనానికి వచ్చేవాడు. నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. మంచి మనిషి, మాటకారి. ఒక శుక్రవారం టీవీలో ఉస్తాద్ వాళ్ళ దేశపు వార్తలు వచ్చాయి. పొగ, పరిగెత్తే జనం, ఏడ్చే ఆడవాళ్ళు. ఇదంతా ఏందని మా నాయన అడిగితే మామ చెయ్యి ఊపేశాడు.

"ఇది ఇయ్యాల్టి లొల్లి గాదన్నా. పైగంబర్ల కాలం నుంచి నడుస్తున్నది. ఆళ్ళ రక్తంలనే ఉన్నది. ఎవ్వడు ఆపలేడు, తియ్."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. పెద్ద సంగతి ఏదో తెలిసిపోయినట్టు అనిపించింది. మర్నాడు పాఠానికి వెళ్ళినప్పుడు, నాకు వచ్చిన అరబీలో అదే మాట ఉస్తాద్‌కు అప్పజెప్పాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇంకోసారి మాట్లాడుకుందాం, పాఠం రాయి" అన్నారు. ఆ ఇంకోసారి త్వరలోనే వచ్చింది, ఎవరూ కోరని విధంగా.

ఆ ఏడు బడి మూసే వేళకు ఉస్తాద్ ఉద్యోగం పోయింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. చదువుకుని వచ్చిన స్థానికులకు ఉద్యోగాలు ఇస్తున్నారు, బయటివాళ్ళను ఒక్కొక్కరినే పంపిస్తున్నారు, అంతే. ఉద్యోగం లేకపోతే ఇఖామా ఉండదు, అంటే అక్కడ ఉండటానికి అనుమతి ఉండదు. ఉస్తాద్‌కు ఎగ్జిట్ పడింది. ఆ సంగతి నాయన చెప్పగానే నేను చప్పట్లు కొట్టబోయాను. అమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

నాయన రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. "మనకి ఎగ్జిట్ పడితే యాడికి పోతాం? ఇంటికి పోతాం. ఆయప్ప యాడికి పోవాల?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అందరికీ ఎక్కడో ఒక చోట ఊరనేది ఉంటుంది, రాస్ తనూరాకు మనుషులు అక్కడి నుంచే వస్తారు అని నా నమ్మకం.

నాయన తన కఫీలు దగ్గరకు వెళ్ళాడు. కఫీలు అంటే మమ్మల్ని ఆ దేశంలో ఉంచుకుంటానని పూచీ పడ్డ యజమాని. ఉస్తాద్‌ను తన ఆఫీసులో గుమాస్తాగానైనా పెట్టుకోమని అడిగాడు. కఫీలు చెడ్డవాడు కాదు. టీ ఇచ్చి కూర్చోబెట్టి, నువ్వు అడిగావు కాబట్టి బాధగా ఉంది గానీ ఇది నా చేతిలో లేదు అని చెప్పి పంపాడు. అమ్మ అయితే వాళ్ళను మనతో కడపకు తీసుకుపోదామంది. "పైన గది కాలీనే కదా" అంది. వాళ్ళ పత్రాల మీద మన దేశం వీసా ఇవ్వదని నాయన చెబితే, "ఏం పత్రాలు, మనుషులు కనపడ్డం లేదా" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళ చేతిలో ఉన్నది పాస్‌పోర్టు కాదు. ఈజిప్టు వాళ్ళు ఇచ్చిన ప్రయాణ పత్రం. దాన్ని పట్టుకుని వాళ్ళు కైరోకు బయలుదేరారు. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరో ఉన్నారని, కొన్నాళ్ళు తలదాచుకుని ఆలోచిద్దామని. వాటా ఖాళీ చేసి, గోడకు కొట్టిన మేకులు కూడా తీసేసి, ఇల్లు తుడిచి వెళ్ళారు. డ్రైవరు మామ వాళ్ళను విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం నేను పలక తీసి ఊరికే పట్టుకుని కూర్చున్నాను.

రెండు మూడు రోజులు గడిచాక మధ్యాహ్నం వేళ మా తలుపు చప్పుడైంది. తీస్తే ఉస్తాద్, వెనక ఖాలా. కోటు గుండీలు ఊడి ఉండగా ఆయన్ని చూడటం నాకు అదే మొదటిసారి. కైరోలో విమానం దిగనిచ్చారట గానీ బయటికి వెళ్ళనివ్వలేదట. పత్రం ఇచ్చింది వాళ్ళే, అది ఉన్నంత మాత్రాన లోపలికి రావచ్చని కాదన్నదీ వాళ్ళే. కుర్చీల మీద కూర్చోబెట్టి, తిరిగి వచ్చిన దారినే ఎక్కించారు. ఇక్కడ దిగితే ఇక్కడివాళ్ళు మీకు ఎగ్జిట్ అయిపోయింది కదా అన్నారు. అదృష్టం కొద్దీ అక్కడున్న ఒక యువ అధికారి ఆయన దగ్గర చదువుకున్నవాడు. లేచి నిలబడి, చేయి ముద్దు పెట్టుకుని, తన పూచీ మీద కొద్ది రోజులు ఉండనిచ్చాడు. అంతకంటే అతను కూడా ఏమీ చేయలేడు.

ఈలోపు పక్క వాటాలో వేరేవాళ్ళు దిగిపోయారు. పెషావరు వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరు, నిండు చూలాలైన అతని భార్య. అంతకు ముందు వాళ్ళు ఇంకో కుటుంబంతో ఒకే గదిలో, మధ్యన దుప్పటి కట్టుకుని ఉండేవాళ్ళట. ఉస్తాద్ వాళ్ళు మా ముందు గదిలో ఉండిపోయారు. గోడకు అవతల గిన్నెల చప్పుడు వినబడినప్పుడల్లా ఖాలా తల ఎత్తేది. తన వంటింట్లో ఇంకొకరు తిరుగుతున్న చప్పుడు.

మర్నాడు ఆ అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. కుళాయి మూసుకోవడం లేదు, నీళ్ళు కారిపోతున్నాయి, ఎవరినైనా పిలవగలరా అని ఉర్దూలో అడిగింది. అమ్మ నోరు తెరిచేలోగా ఖాలా లేచింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని అవతలికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఖాలా తిన్నగా వంటింట్లోకి పోయి, కుళాయిని పూర్తిగా తిప్పి, కాస్త వెనక్కి తెచ్చి, పిడికిలితో పైన ఒక్కటి కొట్టింది. నీళ్ళు ఆగిపోయాయి. ఆ అమ్మాయి కుళాయిని చూసింది, ఖాలాను చూసింది. ఎవరి ఇంట్లో ఉన్నానో అప్పుడు తెలిసింది కాబోలు, ముఖం ఎర్రబడింది. "మాఫ్ కర్నా అమ్మీజాన్" అంది. ఖాలాకు ఆ మాటలు అర్థమయ్యాయో లేదో. ఆమె కడుపు మీద చెయ్యి వేసి, ఏదో దీవించి, ఇవతలికి వచ్చి, మా ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉస్తాద్ దగ్గరకు వెళ్ళి, అది మీ ఇల్లు, వాళ్ళు లాక్కున్నారు, వాళ్ళను వెళ్ళగొట్టండి అన్నాను. మీ ఊళ్ళోనూ ఇలాగే చేశారు కదా, మామ చెప్పాడు, వాళ్ళ రక్తంలోనే ఉంది అని కూడా అన్నాను. అన్నీ కలిపేసి, ఊపిరి తిప్పుకోకుండా.

నాయన నన్ను కసురుకోబోయాడు. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఎండ తగలకుండా తెర వేసి ఉంది. కూలరు రొద చేస్తోంది. ఆయన నాతో మాట్లాడుతున్నట్టే మాట్లాడారు గానీ, మా నాయన కూడా తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుని విన్నాడు.

"ముందు ఈ రెండూ కలపొద్దు. ఆ పక్కిల్లు నాది కాదు. అద్దె ఇల్లు. నా చేత్తో తాళం వేసి ఇచ్చి వెళ్ళాను. ఆ అమ్మాయి నాకేమీ చెయ్యలేదు. మా ఊరి సంగతి అది కాదు. అది అద్దెకు తీసుకున్నది కాదు, మేం ఇచ్చి వచ్చిందీ కాదు."

తరువాత ఆయన వాళ్ళ ఊరి గురించి చెప్పారు. యాఫా అని సముద్రం ఒడ్డున పట్నం, దానికి కాస్త లోపలగా వాళ్ళ పల్లె. వాళ్ళ నాన్న కూడా పంపుల పనివాడే. నారింజ తోటల్లో బావుల మీద డీజిలు ఇంజన్లు ఉండేవి, వాటిని బాగుచేసేవాడు. ఆ మాట విని మా నాయన కాళ్ళు సర్దుకుని ఇంకాస్త దగ్గరకు జరిగాడు. ఇంజన్లకు విడిభాగాలు కావాలంటే పట్నంలో ఒక యూదుడి కొట్టుకు పోవాలి. అతను పోలండు నుంచి వచ్చినవాడు. అరబీ చిన్నపిల్లాడిలా మాట్లాడేవాడు, ఆడవాళ్ళను మగవాళ్ళను కలిపేసేవాడు. పల్లెకు వచ్చినప్పుడల్లా వీళ్ళ ఇంట్లోనే భోజనం. అతని మాటలకు ఉస్తాద్ వాళ్ళ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదట.

"మా అమ్మ చిన్నప్పుడు అక్కడ టర్కీ సుల్తానుల పాలన. జెరూసలేములో యూదులు తరతరాలుగా ఉన్నారు, మాలాగే అరబీ మాట్లాడుకుంటూ. గొడవలు లేవని చెప్పను. మనుషులున్న చోట గొడవలుంటాయి. కానీ నువ్వు టీవీలో చూసే ఈ గొడవ మా అమ్మ కంటే వయసులో పెద్దదేమీ కాదు. వేల ఏళ్ళ నుంచి ఉంది అని ఎవరైనా చెబితే నమ్మకు. రక్తంలో ఉంది అంటే ఇక చేసిన వాళ్ళెవరూ లేనట్టే. ఆపాల్సిన వాళ్ళూ లేనట్టే."

మరి ఎవరు మొదలుపెట్టారు అన్నాను. నాకు ఒక పేరు కావాలి.

ఆయన నా పలకను తన ఒళ్ళోకి తీసుకున్నారు. "నేను మా ఊరు వదిలిన రోజు నుంచి మొదలుపెడితే, తప్పు వాళ్ళది. ఆ కొట్టు యజమానిని అడుగు. అతను పోలండులో తన వీధిలో జనం తలుపులు పగలగొట్టిన రోజు నుంచి మొదలుపెడతాడు. అతని కథలో నేను దారికి అడ్డం నిలబడ్డవాణ్ణి. ఎవరి కథ వాళ్ళకు సరిపోయే చోటే మొదలవుతుంది. అందుకని ఎవరు కథ చెప్పినా నువ్వు ఒకటే అడుగు. అంతకు ముందు ఏం జరిగింది?"

నేను వెంటనే అడిగాను. "అంతకు ముందు ఏం జరిగింది?"

ఆయన నవ్వారు. వచ్చిన తరువాత నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. అలా నేను అడుగుతూ ఉంటే ఆయన వెనక్కి వెనక్కి వెళ్తూ చెప్పారు. ఐరోపాలో యూదులను ఒక దేశం తరువాత ఇంకో దేశం తరిమిందట. ఎక్కడున్నా పరాయివాళ్ళమే అని విసిగిపోయి, మాకంటూ ఒక దేశం ఉండాలని వాళ్ళలో కొందరు అనుకున్నారట. వాళ్ళ పూర్వీకుల నేల అది. ప్రార్థనల్లో ఎప్పుడూ దాన్ని తలుచుకునేవాళ్ళు. అలా కొద్దికొద్దిగా వచ్చారు. ఎక్కడో దూరాన పట్నాల్లో ఉండే భూస్వాముల దగ్గర పొలాలు కొన్నారు. ఆ పొలాలు దున్నుకుంటున్న రైతులను ఎవరూ అడగలేదు. తరువాత పెద్ద యుద్ధం వచ్చి టర్కీవాళ్ళు ఓడిపోయారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళు అరబ్బులకు మీ రాజ్యం మీకిస్తామన్నారు. యూదులకు అక్కడే మీ నిలయం కట్టుకోండి, సాయం చేస్తామన్నారు.

"ఒకే నేల గురించి ఇద్దరికీ మాటిచ్చారా?" అని నాయన అడిగాడు.

"ఇచ్చింది ఎవరో చూడు. అక్కడ పుట్టినవాడు కాదు, అక్కడ చచ్చేవాడూ కాదు" అన్నారు ఉస్తాద్.

ఇంగ్లీషువాళ్ళ సంగతి మా నాయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మా జేజబ్బ కాలంలో మన నేల మీద కూడా గీత గీసి వెళ్ళారు కదా. ఆ గీతకు అటువైపు నుంచి వచ్చిన వాళ్ళే ఇప్పుడు మా పక్క వాటాలో ఉన్నారు.

ఆ తరువాత చంపుకోవడాలు మొదలయ్యాయి. యూదుల ఇళ్ళల్లోకి దూరి ఆడవాళ్ళనూ పిల్లలనూ చంపినవాళ్ళు ఉన్నారు, మావాళ్ళే, అది నేను దాచను అన్నారు ఉస్తాద్. మా బజార్లలో బాంబులు పెట్టినవాళ్ళు ఉన్నారు, అది వాళ్ళు దాచకూడదు అన్నారు. ఇంకో పెద్ద యుద్ధంలో ఐరోపాలోని యూదులను లక్షల మీద లక్షలుగా చంపేశారు. మిగిలినవాళ్ళు ఓడలెక్కి వస్తే ఏ దేశమూ తలుపు తీయలేదు. కొట్టు యజమాని అమ్మా, అక్కచెల్లెళ్ళూ ఎవరూ మిగల్లేదు. అతను కొట్టు మూసుకుని, వాళ్ళ ఆచారం ప్రకారం సంతాపంగా నేల మీద కూర్చున్నాడని తెలిసి ఉస్తాద్ వాళ్ళ నాన్న పరామర్శకు వెళ్ళొచ్చాడు. తిరిగి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడట, ఎందుకో తెలియదు.

చివరికి దేశాలన్నీ కూర్చుని ఆ నేలను రెండుగా పంచమన్నాయి. యూదులు సరేనన్నారు. అరబ్బులు మా ఇంట్లో సగం ఇవ్వడానికి మీరెవరు అన్నారు. యుద్ధం మొదలైంది. చుట్టుపక్కల రాజ్యాల సైన్యాలు ఇంకా రాకముందే పల్లెలు ఖాళీ అవడం మొదలైంది. ఒక పల్లెలో ఊచకోత జరిగిందన్న వార్త గాలిలా పాకింది.

ఆ రోజుల్లో ఒక పొద్దున ఆ కొట్టు యజమాని వాళ్ళ పల్లెకు వచ్చాడట. దారులన్నీ ప్రమాదమే, అయినా వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, అన్నం తినలేదు. గుమ్మం బయటే నిలబడి వాళ్ళ నాన్నతో ఒక్క మాట చెప్పాడు. పిల్లల్ని తీసుకుని కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళిపో. అంతే చెప్పి వెళ్ళిపోయాడు. అతని కొడుకు అప్పటికే యూదుల దళంలో ఉన్నాడు. ఉస్తాద్ చిన్నాన్న అరబ్బుల వైపు తుపాకీ పట్టాడు. వాళ్ళ నాన్న రెండు రోజులు ఆలోచించి, పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే ఉంచి, అందరినీ తీసుకుని గాజా వైపు నడిచాడు. కొన్నాళ్ళే అనుకున్నారు. తిరిగి వెళ్ళబోయిన వాళ్ళను రానివ్వలేదు. కొందరిని కాల్చేశారు. ఆ పల్లెను తరువాత నేలమట్టం చేశారని విన్నారు.

"మా నాన్న గాజాలో గుడారంలో పోయాడు. పోయేదాకా ఒకటే అడిగేవాడు. ఆ మనిషి నన్ను కాపాడటానికి చెప్పాడా, ఖాళీ చేయించడానికి చెప్పాడా? అమ్మ కాపాడటానికే అనేది. చిన్నాన్న ఖాళీ చేయించడానికే అనేవాడు. నాన్న ఏదీ తేల్చుకోలేదు. నేనూ తేల్చుకోలేదు."

మా నాయన కళ్ళు తుడుచుకున్నాడు. గోడకు అవతల ఆ అమ్మాయి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఖాలా నిద్రపోలేదని, ఇదంతా వింటోందని ఆమె భుజం కదలికను బట్టి తెలుస్తోంది.

గాజాకు తిరిగి వెళ్ళొచ్చు కదా అని నేను అడిగాను. ఆయన ఉద్యోగం కోసం సౌదీకి వచ్చిన తరువాత ఇంకో యుద్ధం జరిగి, అప్పటిదాకా ఈజిప్టు ఏలిన గాజా కూడా ఇజ్రాయెల్ చేతికి పోయిందట. అప్పుడు ఇళ్ళకు వచ్చి ఎవరెవరు ఉన్నారో రాసుకున్నారు. ఆ వేళ ఇంట్లో లేనివాళ్ళకు ఇక అక్కడ ఉండే హక్కు లేదన్నారు. ఆయన ఆ వేళ రాస్ తనూరాలో పిల్లలకు పాఠం చెబుతున్నారు.

"మరి ఆ కొట్టాయన కూడా పాపమే కదా, మీరూ పాపమే కదా" అన్నాను. ఇద్దరినీ సమానం చేసేస్తే తేలికైపోతుందని అనిపించింది.

"పాపమే. అతని దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ అతని దుఃఖం అర్థమైనంత మాత్రాన నాకు పడుకోవడానికి చోటు రాలేదు, బిడ్డా. అర్థం కావడం వేరు, ఇల్లు వేరు. అర్థం చేసుకున్నాను కదా అని ఇల్లు అడగడం మానొద్దు. ఇల్లు పోయింది కదా అని అర్థం చేసుకోవడం మానొద్దు. ఈ రెండూ ఒకే చేత్తో పట్టుకోవడం కష్టం. నేను చాలాసార్లు ఏదో ఒకటి వదిలేశాను."

ఆ తరువాతి శుక్రవారం డ్రైవరు మామ వచ్చినప్పుడు నేను చెప్పాలనుకున్నవన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాను. కానీ అతను గుమ్మంలో ఉస్తాద్‌ను చూడగానే చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చున్నాడు. కైరో నుంచి వాళ్ళను తిప్పి పంపారన్న సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. "నేనే గదా దింపి వచ్చిన" అని మాత్రం అన్నాడు. అన్నం ముందు కూర్చుని ఆ రోజు అతను టీవీ పెట్టమనలేదు.

ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఆ యువ అధికారి ఎవరెవరినో పట్టుకోగా యెమెన్‌లో ఒక బడివాళ్ళు ఏడాదికి తీసుకుంటామన్నారు. ఏడాది తరువాత ఏమిటని నాయన అడిగితే ఉస్తాద్ భుజాలు ఎగరేశారు. వెళ్ళే రోజు పక్క వాటా అమ్మాయి కూడా వచ్చి నిలబడింది. రొట్టెలు చేసి గుడ్డలో కట్టి ఇచ్చింది. ఖాలా వాటిని తీసుకుని, చున్నీ సర్ది, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది.

మా అమ్మ ఖాలాను పట్టుకుని వదల్లేదు. మన వైపు వెళ్ళేవాళ్ళతో పో అని ఎవరమూ అనం కదా, అమ్మ అలవాటు కొద్దీ, "పోయి రా తల్లీ, పోయి రా" అని వీపు నిమురుతూ ఉంది. ఏమంటోంది అని ఖాలా నన్ను అడిగింది. వెళ్ళి మళ్ళీ రమ్మంటోంది అని అరబీలో చెప్పాను. ఖాలా అమ్మ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎక్కడికని రమ్మంటుంది? మీరూ ఇక్కడ ఉండరు కదా" అంది. ఆ మాటను నేను తెలుగులో అమ్మకు చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు. బండి మలుపు తిరిగింది.

ఏడాది పాటు వాళ్ళ కబుర్లు ఎవరో ఒకరి ద్వారా తెలిసేవి. తరువాత ఆ బడి ఉందో లేదో తెలియలేదు. వాళ్ళను ఇంకెక్కడికి పంపారో తెలియలేదు. నాయన చాలా ఏళ్ళ పాటు యెమెన్ మనిషి ఎవరు కనిపించినా అడిగేవాడు. ఆయన అడగడం మానేసిన రోజు నాకు తెలుసు. ఆ రోజే, అమ్మ వాళ్ళకు ఇద్దామన్న మా కడప ఇంటి పై గదిని అద్దెకు ఇచ్చేద్దామని అమ్మతో అన్నాడు.

ఇప్పుడు నేను నా కొడుకు దగ్గర, మళ్ళీ సౌదీలోనే, దమ్మాంలో ఉంటున్నాను. మోకాళ్ళ నొప్పులు, ఏసీ చలి, ఇంటినిండా ఫోన్లు. ఆ ఫోన్లలో గాజా కనిపిస్తూనే ఉంటుంది. కూలిన ఇళ్ళ మధ్య నుంచి పరుపులు నెత్తిన పెట్టుకుని నడిచే మనుషులు. ఇజ్రాయెల్ వైపు తమ ఇళ్ళల్లో చంపబడ్డవాళ్ళు, ఎత్తుకుపోబడ్డవాళ్ళు, వాళ్ళ ఫోటోలు పట్టుకుని రోడ్ల మీద నిలబడ్డ తల్లులు. నడుస్తున్న ముసలివాళ్ళ ముఖాలను నేను పెద్దవి చేసి చూస్తాను. ఉస్తాద్ బతికుంటే వందకు దగ్గర పడి ఉంటారని తెలిసీ చూస్తాను.

మొన్న మా మనవడు ఫోను పక్కన పడేసి నా దగ్గరకు వచ్చాడు. "జేజీ, ఎవరు ఫస్ట్ స్టార్ట్ చేశారు?" అన్నాడు. బడిలో ఇద్దరు పిల్లలు దీని గురించి కొట్టుకున్నారట. నేను ఈ ఏటి సంగతితోనో మొన్నటి సంగతితోనో మొదలుపెట్టలేదు. అంతకు ముందు ఏం జరిగిందో అడగడం వాడికి నేర్పాను. వాడు అడుగుతూ పోయాడు, నేను ఉస్తాద్ చెప్పినంత దాకా వెనక్కి వెళ్ళాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, పిల్లవాడు కాబట్టి, ఆ రోజు నాకు తట్టని ప్రశ్న అడిగాడు. "సరే జేజీ, మరి దీని తరువాత?"

వెనక్కి వెళ్ళడం నాకు ఒక మంచి మనిషి నేర్పాడు. ఇన్నేళ్ళుగా దాన్ని పోగొట్టుకోకుండా మోస్తున్నాను. ముందుకు ఎలా వెళ్ళాలో మాత్రం ఆయన నాకు చెప్పలేదు. దాచుకుని కాదు. ఆయన దగ్గర లేదు. వాడి తల నా ఒళ్ళోకి తీసుకుని, జుట్టు నిమురుతూ కూర్చున్నాను.